మొక్కు పుంజు

“తిండి బాగానే తింటోంది కదా, మరి ఇలా ఎండిపోతోందేమిటమ్మా?”

కోళ్ళ జబ్బులు చూడ్డానికి రాయపూర్ రైల్వే కాలనీలో ఇల్లిల్లూ తిరుగుతున్న డాక్టరు, పుంజు రొమ్ము తడిమి అడిగాడు. ఎముక కత్తిలా తగిలింది.

వరహాలమ్మకి ఒళ్ళు మండింది. అది అలాంటిలాంటి పుంజా? మనవరాలు లహరికి కాన్సర్ తగ్గితే నూకాలమ్మకి ఇస్తానని మొక్కుకున్నది. అందుకే దాన్ని లహరి మంచం పక్కనే పెట్టుకుని, చేత్తో గింజలు తినిపిస్తోంది.

డాక్టరు పుంజు ముక్కు కింద వేలాడే తోలుకి ఒకవైపు క్షయ పరీక్ష సూది వేసి, వాస్తే జబ్బున్నట్టేనని చెప్పి వెళ్ళాడు.

రెండ్రోజులకి ఆ వైపు బూరెలా వాచింది.

“క్షయ అమ్మా,” అన్నాడు మళ్ళీ వచ్చిన డాక్టరు. “కాన్సర్ మందులతో పాప ఒంట్లో అసలే సత్తువ లేదు. దీన్ని నాకిచ్చెయ్యండి, కోసి చూసి రూఢి చేసుకోవాలి.”

“సూదితో పొడిసి వాపు తెప్పించి, ఇప్పుడు రోగమంతావేటి? ఇది అమ్మోరి సొత్తు! మొక్కు తప్పి పిల్లకేటన్నా అయితే నువ్వొస్తావా?”

“అమ్మవారికి ఎలాంటి పుంజు కావాలి?” నెమ్మదిగా అడిగాడాయన.

“ఎర్రది. ఒక్క తెల్ల ఈక ఉండకూడదు. నీకెందుకు?”

అత్తగారు బజారుకి వెళ్ళినప్పుడు కోడలు వీణ పుంజుని ఆయన చేతిలో పెట్టేసింది.

తెలిశాక వరహాలమ్మ కాలనీ అంతా వినేట్టు ఆయన్ని తిట్టిపోసింది. ఆయన మళ్ళీ వస్తే తలుపు తియ్యలేదు.

“కాలేయం నిండా గడ్డలేనమ్మా. పాపకి పరీక్ష చేయించండి,” అని బయటినుంచే చెప్పి వెళ్ళాడు.

అదృష్టం, లహరికి ఏమీ అంటలేదు. “ఇంకొన్నాళ్ళు ఆ పుంజు పక్కనే ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం,” అన్నారు ఆస్పత్రిలో.

తిట్టిన నోటితోనే వరహాలమ్మ ఆయన్ని వెయ్యిసార్లు దీవించింది. క్షమించమందామంటే ఆయన అప్పటికే బస్తర్‌కి బదిలీ అయిపోయాడు. పేరైనా అడిగింది కాదు.

లహరికి జుట్టు మళ్ళీ మొలిచింది. కొత్త అమావాస్య జాతరకి వరహాలమ్మ ఇంకో పుంజుని చంకన పెట్టుకుని బెరుగ్గా కాలనీలోని నూకాలమ్మ గుడికి వెళ్ళింది.

“మారు పుంజుని అమ్మోరు ఒప్పుకుంతాదా పాపయ్యా?”

పూజారి పాపయ్య నవ్వాడు. “ఇంకోటెందుకమ్మా? నీ మనవరాలి పేరున కోళ్ళ డాక్టరు ముందే ఇచ్చేసినాడు. ఒక్క తెల్ల ఈక నేదు.”

వరహాలమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “నా తండ్రే! గుళ్ళోకొచ్చి దణ్ణమెట్టుకున్నాడా?”

“రమ్మన్నాను గానీ, గుమ్మం బయటే నిలబడి పాప పేరు రెండుసార్లు చెప్పి వెళ్ళినాడమ్మా, మెళ్ళో సిలువతో.”