ఖాళీ క్యారేజీలు

"సరేనే అమ్మీ. ఈ ఏడు నువ్వు సెప్పినట్టే కానీ," అంది జగ్గమ్మ.

శైలజకి కాళ్ళు నేలమీద నిలవలేదు. విజయనగరం కోడలై రెండు నెలలు. ఇదే మొదటి సిరిమాను పండగ. బొబ్బిలిలో ఉన్నన్నాళ్ళూ టీవీలోనే చూసింది. ఇక్కడ వీధి దాటి పది నిమిషాలు నడిస్తే చాలు, పూజారిని చివర కూర్చోబెట్టుకున్న పొడవాటి మాను, అదే అమ్మవారి సిరిమాను, ఊరేగుతూ కళ్ళముందే సాగుతుంది. కానీ ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న అత్తగారు జగ్గమ్మ దాన్ని ఒక్కసారీ చూడలేదు. పండగంటే ఇంటినిండా చుట్టాలు, పొయ్యినిండా గిన్నెలు.

"మూడుసార్లు తిరుగుతుంది కదా అత్తయ్యా, మూడోసారైనా చూడలేదా?"

"సప్పుడు ఇన్నాను."

అందుకే శైలజ ఈ ఉపాయం ఆలోచించింది. వచ్చేవాళ్ళు తలో వంటకం క్యారేజీలో తెస్తారు. చిన్నత్త మరిడమ్మ పులిహోర, ఆడపడుచు అనూరాధ గారెలు, సూరయ్య మావ ఇంటినుంచి కోడికూర. ఇంట్లో అన్నం, చారు చాలు. మూడింటికల్లా అత్తా కోడళ్ళిద్దరూ జనంలో ఉంటారు.

జాబితా రాసి భర్త పృథ్వీరాజ్‌కి ఇచ్చింది. "బావా, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టు. నన్నింకా అందులో కలపలేదుగా."

"నీ బుర్రే బుర్ర," అని అతను కాగితం జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం సాయంత్రం శైలజ సిరిమాను మీదికి విసరడానికి గెలనుంచి కోసిన రెండు అత్తాల అరటిపళ్ళు కొనుక్కొచ్చింది. ఒకటి తనకి, ఒకటి అత్తగారికి. వంటింట్లోకి వెళ్తే జగ్గమ్మ పెద్ద బేసిన్లో మినప్పప్పు నానబోస్తోంది.

"ఎందుకత్తయ్యా? గారెలు అనూరాధ తెస్తుంది కదా."

"ఉండనీ. నానితే పప్పుకి పోయేదేటి?"

మంగళవారం, పండగనాడు, పదకొండింటికి చుట్టాలు దిగారు. అందరి చేతుల్లోనూ క్యారేజీలు. శైలజ నవ్వుతూ ఎదురెళ్ళి మరిడమ్మ క్యారేజీ అందుకుంది. గాలికి ఊగేంత తేలిగ్గా ఉంది. మూత తీసింది. తళతళలాడే అడుగు కనిపించింది. అనూరాధది తీసింది. అదీ అంతే. సూరయ్య మావ అయిదు గిన్నెల క్యారేజీ కూడా ఖాళీయే.

శైలజ వెనక్కి తిరిగి చూసింది. జగ్గమ్మ అప్పటికే గ్రైండరులో పప్పు వేస్తోంది. నోటితో సరేనని, చేత్తో పప్పు నానబోసింది. చుట్టాలకి చాటుగా ఫోన్లు చేసి చెప్పే ఉంటుంది. ఇష్టం లేకపోతే మొదటే ఆ మాట అనొచ్చుగా.

పృథ్వీరాజ్ మాత్రం "బెంగపడకు" అని బండేసుకెళ్ళి నాలుగు కిలోల కోడిమాంసం తెచ్చాడు. శైలజ కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ ఇంట్లో తన పక్షాన ఉన్నది అతనొక్కడే.

రెండున్నరకి బంతి లేచింది. మరిడమ్మ చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "కూర ఎంత రుసిగా ఉన్నాదే. మావోడు రాసింది అబద్ధం కాదు."

"ఏం రాశాడు చిన్నత్తా?"

మరిడమ్మ ఫోను చూపించింది. గ్రూపులో పృథ్వీరాజ్ మెసేజీ: 'మంగళవారం అందరికీ మా శైలజే వండుతుంది. ఏమీ తేవద్దు. ఖాళీ క్యారేజీలు తెచ్చుకోండి, ఇంటికి కూడా పట్టుకెళ్దురు గాని.'

శైలజ గరిటె పొయ్యి పక్కన పెట్టి వసారాలోకి వచ్చింది. పృథ్వీరాజ్ చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఎందుకలా రాశావు బావా?"

"సుట్టాలని కూర తెమ్మంటే నవ్వరేటి? నిన్ను పొగిడే రాసినాను కదా." అతను గూట్లోని అరటిపళ్ళు రెండత్తాలూ తీసుకున్నాడు. "మీ ఇద్దరి పేరు మీదా నేనే విసురుతాను. వీడియో తీసి తెస్తాలే."

అందరూ వెళ్ళిపోయారు. మామగారు నరసింగరావు అందరికంటే ముందు నడిచాడు.

ఇంట్లో అత్తా కోడళ్ళు, ఎంగిలి గిన్నెలు మిగిలారు. చుట్టాల ఖాళీ క్యారేజీలు ఇంకా నింపాలి. దూరంగా డప్పులు మొదలయ్యాయి. జనం కేక లేచింది. సిరిమాను తిరగడం అది మొదటిసారి.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?" అంది శైలజ.

జగ్గమ్మ నూనెలోంచి గారె తీసింది. "ఆడు ఏటి రాసినాడో నాకెలా తెలుస్తాది? ఈ ఇంటికొచ్చిన ఏడు నానూ ఇదే మాట అన్నాను. మీ మావ అలాగేనన్నాడు. కార్డుముక్కల మీద మాత్రం ఏమీ తేవద్దని రాసినాడు. ఆయన కొడుకే కదా ఈడు. అందుకే పప్పు నానబోసినాను."

శైలజ పిండిముద్ద తీసుకుని గారె తట్టసాగింది. రెండో కేక వినిపించింది. చేతుల పిండి కడుక్కునే లోపు మూడోదీ అయిపోయింది.

చీకటి పడేవేళకి చుట్టాలు తిరిగొచ్చి, నిండిన క్యారేజీలు పట్టుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు. పృథ్వీరాజ్ వీడియో పెట్టాడు. అందులో ఎవరిదో తల, తల వెనక ఇంకో తల, పైన ఆకాశం.

"బాగున్నాదిరా," అంది జగ్గమ్మ. "ఒరే, ఆ గ్రూపులో మాటాడ్డం ఎలాగో సూపించు. అందరికీ ఓ మాట సెప్పాల."

పృథ్వీరాజ్ సంబరపడ్డాడు. మైకు బొత్తాం తనే నొక్కి, ఫోను తల్లి నోటి దగ్గర పట్టుకున్నాడు. నరసింగరావు కూడా పడక్కుర్చీలోంచి నవ్వుతూ చూశాడు.

జగ్గమ్మ గొంతు సవరించుకుంది.

"నాను జగ్గమ్మని. రేపు మద్దేనం కూడా అందరూ మా ఇంటికే భోజనానికి రండి, ఖాళీ క్యారేజీలు మరిసిపోకండి, వంట మా పృథ్వీ, ఆళ్ళ నాన్నా సేస్తారు. నానూ నా కోడలూ తెల్లారి బస్సుకి సముద్రం సూడ్డానికి ఎల్తన్నాం."