మేయరు వంత పాడిన రోజు

నల్లవాళ్ల హక్కుల కోసం అమెరికాలో అలబామా రాష్ట్రమంతా తిరిగి పాడిన వెర్లీనమ్మ పేరు మా వీధికి పెట్టారు. మా పేటలో ఓటు కేంద్రం మూయించిన మేయరు హాలిస్ ఆ వేడుకకు వచ్చి, ఆమెను ఒక భక్తిపాట పాడమన్నాడు.

మా చర్చిలో ఆమె ఒక్కో మాట ఎత్తుకుంటే, మేమంతా అదే తిరిగి పాడతాం. కెమెరాలున్నాయి కదా, మేయరూ కళ్లు మూసుకుని గొంతు కలిపాడు.

"ప్రభువా, నీ ఎదుట చెబుతున్నా!"

"ప్రభువా, నీ ఎదుట చెబుతున్నా!"

"ఈ పేట ఓటు కేంద్రం..."

"ఈ పేట ఓటు కేంద్రం!"

"మళ్లీ తెరిపిస్తా!"

"మళ్లీ తెరిపిస్తా!"

జనం "ఆమెన్!" అని అరిచాకగాని ఆయన కళ్లు తెరవలేదు.

"భలేదానివి తల్లీ! అది ఉత్త పాటే కదా!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఉత్త పాటకే కదయ్యా," అంది వెర్లీనమ్మ, "షెరీఫుగా ఉన్నప్పుడు మీ నాన్న నన్ను జైల్లో వేసింది!"