కంప్యూటరు గారితో నాగులమ్మ

“నా పేరు కొట్టేసిందెవరు?”

మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీ ఆఫీసులోకి నేరుగా వచ్చి అడిగింది నాగులమ్మ. ఆ ఉదయం మస్టరు పిలిచినప్పుడు ఆరుగురు కూలీల పేర్లు లేవు. అందులో ఆమెదొకటి. మిగతా ఐదుగురూ వరండాలో నిలబడ్డారు.

మేనేజరు వెంకటాద్రి ఫైలు మూసి నెమ్మదిగా నవ్వాడు.

“నేను కాదు నాగులమ్మా, కంప్యూటరు. పోయిన వారమే వచ్చింది. జనం ఎక్కువయ్యారని, ఎవర్ని తీసేయాలో అదే లెక్కగట్టి చెప్పింది. నా చేతుల్లో ఏం లేదు.”

ఎనభై ఏడో సంవత్సరం అది. కంప్యూటరు బొమ్మను పేపర్లో చూసినవాళ్లే క్వారీలో ఒకరో ఇద్దరో.

“దానికి మేమెవరమో తెలుసా?”

“తెలీదు. అదే దాని గొప్ప. దానికి మనసుండదు. కోపం, ప్రేమ, మనవాళ్లు, పరాయివాళ్లు, ఏమీ ఉండవు. అందుకే మనిషి కంటే న్యాయంగా చెబుతుంది.”

నాగులమ్మ వరండాలోని ఐదుగురి వైపు ఓసారి చూసింది.

“కోపమే లేనిదైతే, మంచినీళ్ల తొట్టి కట్టించమని అడిగిన ఆరుగుర్నే ఎట్టా ఏరిందయ్యా?”

వెంకటాద్రి ఫైలు మళ్లీ తెరిచాడు.

“అది అట్లా కుదిరింది.”

“సర్పంచికి మేం ఓట్లేశాం. తప్పు జేస్తే నిలదీస్తాం. దీనికి మా మీద పెత్తనం ఎవురిచ్చారు? యాడుందో చూపియ్యండి, నేనే మాట్లాడతా.”

‘దాంతో మాట్లాడటమేంటి’ అనబోయాడు వెంకటాద్రి. వరండాలోని ఐదుగురూ కిటికీ దగ్గరికి జరగడం చూసి, లేచి పక్కగది తలుపు తీశాడు.

“చెప్పులు బయట విడువు. దుమ్ము పడకూడదు.”

లోపల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన పెట్టె ఒకటుంది. నాగులమ్మ పైట సర్దుకుని దాని ఎదురుగా నేల మీద కూర్చుంది.

“అయ్యా కంప్యూటరు గారూ, నన్ను నాగులమ్మంటారు. ఎండలో రాళ్లు మోస్తంటే నాలిక పిడచగట్టుకుపోద్ది. తమరికి దప్పికేసిద్దా?”

పెట్టె పలకలేదు.

“పోనీ, మమ్మల్నెందుకు తీసేశారో అదన్నా చెప్పండి.”

“అది జవాబులు చెప్పదు నాగులమ్మా,” అన్నాడు వెంకటాద్రి.

“మరి మా పేర్లెట్టా చెప్పింది?”

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటాద్రి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“సరే, రేపు ఇంకోసారి లెక్క వేయిస్తాను. దానికి తోస్తే నీ పేరు పెడుతుంది. ఇవాళ్టికి వెళ్లు.”

“నా ఒక్కదాని పేరేంది? ఆరుగురివీ పెట్టమనండి. తేల్చిందాకా ఈడే కూసుంటా. దానికి ఆకలి లేదు. నాకు ఆకలి అలవాటే.”

బయట లారీ హారన్ మోగింది. వరండాలోని ఐదుగురూ పక్కకు జరిగి దారిచ్చారు. డ్రైవరు అబ్దుల్ గఫార్ చేతిలో కాగితాలతో వచ్చి, గది గుమ్మం దగ్గర ఆగి, మేనేజరుకు సలాం చేశాడు.

“ఆలస్యమైంది, ఏమనుకోవద్దు సార్. మీ కంప్యూటరు ఇప్పుడు తెచ్చా. యాడ దించమంటారు?”