కొంగలు దిగే వేళ

"ఎవరది, ఆ డబ్బా కొట్టేది?" అంది యాంకరు, హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తప్పించి.

సౌండ్ ఇంజనీరు ముఖం అప్పటికే కాకరకాయ నమిలినట్టుంది. "అటు చూడమ్మా. గట్టు చివర."

చెరువు గట్టు చివర ఒక పెద్దాయన. ఒళ్లో రేకు డబ్బా. చేతిలో పాత గరిటె.

ఉండుండి టక్, టక్, టక్.

రేడియోలో పాట నడుస్తోంది. అది అయ్యేలోగా ఆ చప్పుడు ఆగాలి.

"పచ్చపాట" ఆ స్టేషన్‌లో ఆదివారం సాయంత్రాల ప్రోగ్రాం. ఒక పాట, రెండు నవ్వులు, చెట్టు గురించో నీటి గురించో నాలుగు మంచి మాటలు. వినేవాళ్లు పల్చబడ్డారని డైరెక్టరు దాన్ని ఎత్తేస్తానన్నాడు. ఆమె కాళ్లావేళ్లా పడి ఇవాళ ఒక్కరోజు అడిగింది. స్టూడియో వదిలి చెరువు గట్టుకే వెళ్తానంది. పొద్దుగూకే వేళ నీళ్ల మధ్య దిబ్బ మీద కొంగల గుంపు దిగే చప్పుడు లైవ్‌లో వినిపిస్తానంది.

అన్ని రెక్కలు ఒక్కసారి ముడుచుకునే చప్పుడు. అది విన్న చెవి ఇక రేడియో కట్టేయదని ఆమె నమ్మకం.

పెళ్లయి నెల కూడా కాలేదు. మొగుడు పొద్దుటినుంచీ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "మా ఆవిడ ఇవాళ కొంగలచేత మాట్లాడిస్తోంది" అని చాటింపు వేశాడు. అత్తగారు రేడియోకి కొత్త బ్యాటరీలు వేయించి, పక్కింటావిణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టింది.

ఇప్పుడే అతని మెసేజ్. "నీ గొంతు వణుకుతోంది. అయినా బాగుంది."

ఇంత కంగారులోనూ ఆమెకి నవ్వొచ్చింది. ఫోన్ దాచేసి గట్టు వెంబడి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"తాతగారూ, కాసేపు ఆ డబ్బా ఆపుతారా? రేడియోలో పడుతోంది."

"ఆపితే ఎలాగమ్మా? అవి దిగే వేళయింది."

"అందుకేనండీ ఆపమనేది. బెదిరిపోతాయి."

"నా చప్పుడికా?" పెద్దాయన బోసినోటితో నవ్వాడు. "అలా కాదు తల్లీ, ఆ దిబ్బ మీద..."

"పాట అయిపోవస్తోంది. ఎక్కడ తిరుగుతున్నావు?" హెడ్‌ఫోన్లలో డైరెక్టరు.

ఆమెకి నిప్పుల మీద నిలబడ్డట్టుంది. పెద్దాయన మాట సగంలోనే ఉండిపోయింది.

"మీ ఇల్లెక్కడండీ?"

"ఊరికి ఆ చివర."

"మరీ మంచిది," అని గొణిగాడు వెనకే వచ్చిన ఇంజనీరు.

ఆమె ప్రోగ్రాం పేరున్న పచ్చ టోపీ ఒకటి తెచ్చి ఆయన తలకి పెట్టింది. "మా జీపు మిమ్మల్ని ఇంటి గుమ్మంలో దింపుతుంది. హాయిగా కూర్చుని రేడియోలో వినండి. ఇవాళ్టికి డబ్బాకి సెలవు."

మనవరాలి వయసు పిల్ల అంత ముద్దుగా అడిగితే కాదనలేని మనిషి. టోపీ సర్దుకున్నాడు. జీపెక్కాక మాత్రం దిబ్బ వైపే మెడ తిప్పి చూస్తూ వెళ్లాడు.

గట్టు నిమ్మళించింది.

"ఇప్పుడు సూది పడినా వినబడుతుంది," అన్నాడు ఇంజనీరు, మైకుని నీళ్ల వైపు జరిపి.

పాట అయింది.

"మాటలు చాలు. ఇక మనమంతా చెవులమైపోదాం," అంది ఆమె మైకులో. "అవిగో, వస్తున్నాయి."

పడమటినుంచి తెల్లటి గుంపు వచ్చింది. దిబ్బ మీదుగా ఒక చుట్టు చుట్టింది. కిందికి వంగింది. కాళ్లు చాపింది.

మళ్లీ పైకి లేచింది.

ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. దిగదు.

రేడియోలో ఉత్త నిశ్శబ్దం.

"ఏమిటిది? స్టేషన్ పోయిందనుకుని జనం ఫోన్లు చేస్తున్నారు," డైరెక్టరు గొంతు పదునెక్కింది. "ఏదో ఒకటి మాట్లాడు."

"కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతున్నాయి," అంది ఆమె. "ఇంకాసేపు చూద్దాం."

కొంగలు చూడలేదు. గుంపు గుంపంతా మేడల మీదుగా ఎటో వెళ్లిపోయింది.

"చాలు. ఫోన్ లైన్లో ఎవరో ఉన్నారు, వాళ్లతో ఒక మాట మాట్లాడి ముగించెయ్. వచ్చే ఆదివారం నుంచి వేరే ప్రోగ్రాం," అన్నాడు డైరెక్టరు.

ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "చెప్పండి, లైవ్‌లో ఉన్నారు."

"చెరువెదుటి మేడ మీంచి మాట్లాడుతున్నానమ్మాయ్," ఒక పెద్దావిడ గొంతు. "డబ్బా పెద్దాయన ఏరమ్మా ఇవాళ?"

"ఇంటికి పంపించామండీ. చప్పుడవుతోందని."



"ఆ దిబ్బ మీద రెల్లు కదుల్తోంది, చూశావా?"

చూసింది. రెల్లు మధ్య రెండు చెవులు. కాస్త అవతల ఒక తోక.

"నీళ్లు తగ్గాక కుక్కలు దిబ్బ దాకా నడిచిపోయి నక్కి పడుకుంటున్నాయి. ఆయన రోజూ వచ్చి డబ్బా కొట్టి వాటిని తోలేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఇవాళ మీరే..."

ఇంజనీరు చెయ్యి లైను కట్ చేసే మీట మీదికి వెళ్లింది. "కట్ చెయ్యనా?"

ఆమె వద్దన్నట్టు ఆ చెయ్యి పట్టుకుంది.

"చెప్పండమ్మా. అందరూ వింటున్నారు."

"ఏముంది చెప్పడానికి? మా చెరువుకి కొంగలొస్తాయని మేమంతా గొప్పలు పోతాంగానీ తల్లీ, అవి ఏనాడూ చెరువుని చూసి దిగలేదు, ఆయన డబ్బా విని దిగేవి."