రెక్క పీకిన పడవ

సముద్రం కాకినాడ వీధుల్లోకి వచ్చి, డీజిల్ దొరకడం మానేశాక, ప్రతి ఇంటి రెండో అంతస్తు మెట్లకీ ఒక తెరచాప పడవ కట్టి ఉంటోంది. ఆషాఢం రాగానే కొత్త కోడలు లోహిత పుట్టింటికి బయల్దేరి పడవలో కాలు పెట్టింది. అది పక్కకి జారింది. అడుగున ఉండాల్సిన ఇనప రెక్క లేదు.

“నేనే పీకించాను,” అంది అత్త దైవమ్మ, మెట్ల మీద పళ్ళు తోముకుంటూ. “రోడ్డు డివైడర్‌కి గీసుకుంటోంది.”

అబద్ధం. ఆ రెక్క నీటిని పట్టి ఉంచితేనే పడవ ఏటవాలుగా గాలికి ఎదురెక్కుతుంది. లేకపోతే గాలి తోసినవైపే పోతుంది. లోహిత పుట్టిల్లు అంతర్వేది. ఆషాఢం గాలి అటునుంచే కొడుతుంది.

“నువ్వు పోతే చేపలెవరు ఎండబెడతారే? నోరు మూసుకుని ఉండు.”

లోహిత లోపలికెళ్ళి అత్త బట్టలు మూటగట్టి తెచ్చి పడవలో పడేసింది. చుట్టూ బాల్కనీలన్నీ వినేలా గొంతెత్తింది.

“ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని వీధంతటికీ చెప్పేది మీరే కదండీ! నేనెలాగూ వెళ్ళలేను. భీమిలిలో మీ అమ్మాయి ఇంటికి మీరే వెళ్ళండి. గాలి అటే. రెక్కతో పనిలేదు.”

బాల్కనీల్లో జనం పోగయ్యారు. కాదంటే పరువు పోతుంది. దైవమ్మ పళ్ళు నూరుతూ పడవెక్కింది. కోడలు తాడు విప్పేశాక గాని ఆవిడకి తట్టలేదు.

“మరి తిరిగెలా వస్తానే?”

“కార్తీకంలో గాలి మళ్ళుతుంది కదండీ,” అంటూ లోహిత పడవని కాలితో ఒక్క తోపు తోసింది.