కోడలు పెట్టిన కేకు

"ఆ తెల్లోళ్ల బొమ్మకా? నా కోడలా? పంపేది లేదు" అంది కన్యకమ్మ, బెల్లం అచ్చును తక్కెట్లో ధన్‌మని పడేస్తూ.

కొట్టు మెట్ల కింద ప్రేమయ్య బెల్లం కోసం నిలబడి ఉన్నాడు. ఆయన కమలాపురం మిషన్ బడిలో అయ్యవారు. ఏటా క్రిస్మస్‌కు మిషన్ ఆవరణలో రెండు వేపచెట్ల నడుమ పల్చటి తెల్లగుడ్డ తెర కట్టి దొరసాని ఒకటే సినిమా బొమ్మ ఆడిస్తుంది. ఒక దొర కుటుంబం పండగ చేసుకోబోయి పడే అవస్థలే ఆ కథ. మాటలు ఎవరికీ అర్థం కావు. అయినా ఊరు ఊరంతా పోయి, చూసిందే చూసి, మళ్లీ కడుపుబ్బ నవ్వి వస్తుంది. కన్యకమ్మ ఇంటివాళ్లు తప్ప.

"కర్నూల్లో మిషన్ బడిలో చదివేటప్పుడు ఇదే బొమ్మ ఏటా చూసేదాన్ని అత్తా" అంది తలుపు పక్కనుంచి నాగలక్ష్మి. కాపురానికి వచ్చాక ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. "ఈ ఒక్కసారికి పంపండి. పక్కింటి రామసుబ్బమ్మ పిన్ని తోడొస్తానంటాది."

"ఏముండాది దాంట్లో చూసేదానికి? దొర చెట్టు కొట్టుకొస్తాడు. అది వాకిట్లో పట్టదు. లాగి లాగి దాని కిందనే పడతాడు. వానికంటే మన ఎద్దు మేలు, సందు చూసుకుని దూరతాది. ఇంట్లో ఆడోళ్లు కేకు పొయ్యికెక్కించి ముచ్చట్లు పెట్టుకుంటారు. అది బొగ్గవుతాది. ఆ బొగ్గునే తింటారు, కరువు సీమనుంచి వచ్చినోళ్ల మాదిరి."

"శానా బాగా తెలుసే అమ్మా మీకు" అన్నాడు ప్రేమయ్య.

"రామసుబ్బమ్మ చెప్పింది. సిగ్గులేకుండా మీ చాపల మీద అందరికంటే ముందు కూచుని చూసొచ్చింది కదా. పక్కన ఎవరు కూచున్నారో కూడా చూసుకోదు. మా గడప అట్లాంటిది కాదప్పా. నువ్వు పోయినాక ఈ మెట్లు నేను నీళ్లు పోసి కడుక్కోవల్ల."

చేయి తగలకుండా ఆమె బెల్లాన్ని పైనుంచి జారవిడిచింది. ప్రేమయ్య తువాలు పట్టాడు.

"నవ్వుకునే బొమ్మే కదత్తా" అంది నాగలక్ష్మి మళ్లీ.

"నవ్వా? కడాన ఏమైతాదో చెప్పు. అత్త అలిగి మూల కూచుంటే కోడలు పోయి ఆ మాడిన కేకు తుంచి ఆమె నోట్లో పెడతాది. ఏ చేత్తో? ఎడమచేత్తో. అది చూసి మీరంతా చప్పట్లు కొట్టేది. అత్తకు ఎడమచేత్తో తిండి పెట్టే మర్యాదనా, నువ్వు పోయి నేర్చుకొచ్చేది?"

నాగలక్ష్మి తలెత్తింది. "కుడిచేత్తోనే పెడతాది అత్తా."

"ఎడమచేయి."

"లేదత్తా, కుడిచేయే."

"తెర నిండా అంత పెద్ద చేయి కనపడతాంటే నాకు చెప్పొస్తాండావా? ఎడమచేయేనంటే."

నాగలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఏటికి ఇక ఆశ లేదు. అయినా అబద్ధమాడినట్టు అనిపించుకోవడం ఇష్టంలేక ప్రేమయ్య వైపు చూసింది.

"అయ్యవారూ, మీరైనా చెప్పండి."

ప్రేమయ్య తొందరపడలేదు. తువాలు కొసలు కలిపి ముడివేశాడు. కన్యకమ్మ ముఖంలోకి ఒకసారి చూశాడు.

"చాపల మీద కూచున్నోళ్లకు కుడిచేయేనమ్మా. రామసుబ్బమ్మ చూసిందీ కుడిచేయే" అన్నాడు. "తెర వెనకాల, చీకట్లో నిలబడి చూసినోళ్లకే అది ఎడమచేయి."