వరుస చెదిరిన గాజులు

గాజును స్ఫటికంగా మార్చే పెట్టెలు వచ్చాక గాజులు పగలడం మానేశాయి. సీమంతానికి తొడిగిన స్ఫటికపు గాజులు ఇప్పుడు నీరు పట్టిన సుభాషిణి చేతిని ఒరుసుకుపోతున్నాయి. రంపంతో కోద్దామంటే అత్తగారు అనసూయమ్మ ఒప్పుకోలేదు.

"కడుపుతో ఉన్న పిల్ల గాజులు విరగ్గొడతారా!"

గాజులమ్మే మస్తానమ్మ, సుభాషిణి చేతిని తన పెట్టెలో పెట్టించింది. "స్ఫటికంలో అణువులు బంతిభోజనాల్లో కూర్చున్నట్టు వరుసగా, ఇరుగ్గా ఉంటాయమ్మా. పెట్టెను ఎదురు తిప్పి ఆ వరుస చెదరగొడితే ఎక్కువ చోటు కావాలంటాయి. బరువు అంతే ఉంటది, గాజు మాత్రం పెద్దదవుద్ది."

పెట్టె గుర్రుమంది. సుభాషిణి చెయ్యెత్తగానే గాజులు గలగలమంటూ రెండు వేళ్ల మేర కిందికి జారాయి!

"జారాయత్తయ్యా! ఒక్కటీ చిట్లలేదు!"

అప్పటికే అనసూయమ్మ తన రెండు చేతులూ పెట్టెలోకి తోసేసింది.

"నావీ వదులు చెయ్యి మస్తానమ్మా. పెళ్లినాటి నుంచీ బిగుతే!"